జీటీఏ-6 ఎంత అమ్ముడవుతుంది? ట్రైలర్ వ్యూస్ చూసి చెప్పే లెక్క కాదిది

వీడియో గేమ్‌ల ప్రపంచంలో ఈ ఏడాది అందరి నోటా ఒకే తేదీ వినిపిస్తోంది. 2026 నవంబర్ 19. రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ గ్రాండ్ థెఫ్ట్ ఆటో సిరీస్‌లో ఆరో భాగాన్ని, అంటే జీటీఏ-6ను, ఆ రోజు విడుదల చేస్తామని ప్రకటించింది. ఐదో భాగం వచ్చింది 2013 సెప్టెంబర్ 17న. మధ్యలో పదమూడేళ్లు గడిచిపోయాయి. అప్పుడు పదేళ్ల పిల్లాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తూ ఉంటాడు.

ఇంత కాలం ఎదురుచూసిన ఆట ఎంత అమ్ముడవుతుందన్నది ఆటలు ఆడేవాళ్ల కబుర్లకే పరిమితమైన ప్రశ్న కాదు. మాతృసంస్థ టేక్-టూ షేరు ధర దాని మీదే ఆధారపడి ఉంది. మిగతా కంపెనీలు తమ ఆటల్ని ఎప్పుడు విడుదల చేయాలో దీన్ని చూసే నిర్ణయించుకుంటున్నాయి. మన ఇళ్లల్లోనూ ఇది రేపో మాపో చర్చకు వస్తుంది. ఈదీ డబ్బులు దాచుకున్న అబ్బాయి "అబ్బా, పీఎస్5 కొందామా?" అని అడుగుతాడు. ఆ రోజు సరైన జవాబు చెప్పాలంటే, చుట్టూ జరుగుతున్న హడావుడిలో నిజం ఎంత, ప్రచారం ఎంత అన్నది కాస్త తెలిసి ఉండాలి.

చూసేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు

2025 మే నెలలో వచ్చిన రెండో ట్రైలర్‌ను మొదటి 24 గంటల్లోనే అన్ని వేదికల మీద కలిపి 47.5 కోట్ల సార్లు చూశారు. ఈ అంకె విన్నవాళ్లెవరైనా "ఇంకేముంది, రికార్డులన్నీ బద్దలే" అంటారు. కానీ ట్రైలర్ చూడటానికి పైసా ఖర్చు లేదు. ఒకే మనిషి పదిసార్లు చూడొచ్చు. మన సినిమాల సంగతి తెలిసిందే కదా. ట్రైలర్‌కు కోట్ల వ్యూస్ వచ్చిన సినిమాకు రెండో రోజే హాలు ఖాళీ అయిన సందర్భాలు ఎన్నో చూశాం.

ఆటల విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. సినిమాకైతే టికెట్ కొంటే చాలు. జీటీఏ-6 ఆడాలంటే ముందు ఇంట్లో టీవీకి తగిలించే కన్సోల్ ఉండాలి. అది కూడా పాతది పనికిరాదు. సోనీ ప్లేస్టేషన్ 5 గానీ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ గానీ కావాలి. నవంబర్ తేదీ వీటికే ప్రకటించారు. కంప్యూటర్‌కు గానీ, ఫోన్‌కు గానీ ఆ తేదీ వర్తించదు.

ఇష్టానికీ అమ్మకానికీ ఎంత దూరం ఉంటుందో హైదరాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2002లో వచ్చిన వైస్ సిటీ, 2004 నాటి శాన్ ఆండ్రియాస్ ఆటలు మన నెట్ కేఫ్‌లలో, స్నేహితుల ఇళ్లల్లో ఆడని కుర్రాళ్లు ఆ తరంలో తక్కువ. అందులో ఎంతమంది అసలు డిస్క్ డబ్బు పెట్టి కొన్నారు? కాపీ చేసిన సీడీలు చేతులు మారేవి. పేరు మాత్రం ఇంటింటికీ చేరింది. రాక్‌స్టార్ లెక్కల పుస్తకంలోకి ఆ కుర్రాళ్లలో చాలామంది ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడు ట్రైలర్ చూస్తున్న కోట్ల మందిలోనూ అలాంటివాళ్లు చాలామందే ఉంటారు.

అసలు లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

ఇలాంటి ఆట అమ్మకాన్ని అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. ఆట ఆడగలిగే పెట్టెలు ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో ముందు చూడాలి. వాటిలో ఎంత భాగం మంది ఇంతకుముందు ఇలాంటి ఆట కొన్నారో తర్వాత చూడాలి. ఈ పద్ధతిలో పాత లెక్కలు తీద్దాం.

2013లో జీటీఏ-5 వచ్చేనాటికి ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 రెండూ చెరో 8 కోట్ల దగ్గర్లో ఉన్నాయి. మొత్తం దాదాపు 16 కోట్లు. ఆ ఏడాది చివరికి దుకాణాలకు చేరిన జీటీఏ-5 కాపీలు 3.25 కోట్లు. అంటే మూడున్నర నెలల్లో సుమారు ప్రతి ఐదు కన్సోల్‌లకూ ఒక కాపీ.

ఇదే సంస్థ 2018 అక్టోబర్ 26న రెడ్ డెడ్ రిడెంప్షన్-2 విడుదల చేసింది. డిసెంబర్ చివరికి 2.3 కోట్ల కాపీలు దాటాయి. అప్పటికి ప్లేస్టేషన్ 4 అమ్మకాలు 9 కోట్లు దాటాయి. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి తన కన్సోల్‌ల లెక్క బయటపెట్టడం మానేసింది కాబట్టి ఎక్స్‌బాక్స్ వన్‌ను 4 కోట్ల దాకా అనుకుందాం. ఆ లెక్కన రెండు నెలల్లో దాదాపు ఆరింట ఒకరు కొన్నట్టు.

ఇక ఇప్పటి సంగతి. సోనీ లెక్క ప్రకారం 2025 సెప్టెంబర్ చివరికి ప్లేస్టేషన్ 5 అమ్మకాలు 8.42 కోట్లు. పండగ సీజన్, ఆ తర్వాతి నెలలు కలుపుకుంటే 2026 నవంబర్‌కు 10 కోట్లకు అటూఇటూ ఉంటుందనుకోవచ్చు. ఎక్స్‌బాక్స్‌ను 3 కోట్లు అనుకుంటే మొత్తం 13 కోట్లు. 2013 కంటే ఇది తక్కువ! ఉత్సాహం ఎంత పెరిగినా, ఆట ఆడగలిగే ఇళ్లు పెరగలేదు. ట్రైలర్ వ్యూస్ చూసి మాట్లాడేవాళ్లు ఈ మాట చెప్పరు.

13 కోట్లలో ఐదింట ఒకరంటే 2.6 కోట్లు. నాలుగింట ఒకరంటే 3.25 కోట్లు. మూడింట ఒకరంటే 4.3 కోట్లు. పదమూడేళ్ల నిరీక్షణ ఉంది. దుకాణానికి వెళ్లకుండా ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. ఈ ఆట కోసమే కొత్తగా కన్సోల్ కొనేవాళ్లూ ఉంటారు. కాబట్టి పాత నిష్పత్తి కంటే కొంచెం ఎక్కువే రావచ్చు. చెప్పిన తేదీకే వచ్చి, ఆట సరిగ్గా నడిస్తే 2026 డిసెంబర్ 31 నాటికి 3 నుంచి 4 కోట్ల కాపీల మధ్య అమ్ముడవుతుందని మా అంచనా. మొదటి ఆరు వారాలకు ఇది ఏ లెక్కన చూసినా చాలా పెద్ద సంఖ్య. కానీ సోషల్ మీడియాలో కొందరు చెబుతున్నట్టు 10 కోట్లు మాత్రం కాదు.

మొదటి రోజు రికార్డు సంగతి

జీటీఏ-5 మొదటి 24 గంటల్లో 80 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్లు దాటింది. రెడ్ డెడ్-2 మొదటి మూడు రోజుల వసూళ్లు 72.5 కోట్ల డాలర్లు.

ఈ రికార్డును జీటీఏ-6 దాటడం అంత కష్టం కాదు. 2013లో ఆట ధర 60 డాలర్లు. ప్లేస్టేషన్ 5 వచ్చాక పెద్ద ఆటల ధర 70 డాలర్లు అయింది. 2025లో నింటెండో ఒక ఆటను 80 డాలర్లకు అమ్మింది. 70 డాలర్ల చొప్పున చూస్తే 1.2 కోట్ల కాపీలతో పాత రికార్డు దాటుతుంది. ఒక్క రోజులో 100 కోట్ల డాలర్లు రావాలంటే 1.43 కోట్ల కాపీలు అమ్ముడవ్వాలి. 80 డాలర్లయితే 1.25 కోట్లు చాలు. అంటే ప్రతి తొమ్మిది, పది కన్సోల్‌లకు ఒక కాపీ. అసాధ్యం కాని సంఖ్యే.

అయితే ఒక్క మాట. 2013 నాటి 60 డాలర్లు ఇప్పటి ధరల్లో 80 డాలర్ల పైమాటే. రేపు పత్రికల్లో "చరిత్రలో అత్యధిక వసూళ్లు" అని వస్తుంది. వచ్చిన డాలర్లతో పాటు ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో కూడా అడగాలి. డబ్బు విలువ తగ్గినప్పుడు రికార్డులు వాటంతటవే బద్దలవుతుంటాయి.

22 కోట్ల కొండ

జీటీఏ-5 ఇప్పటికి 22 కోట్ల కాపీలు దాటింది. ఆరో భాగం దీన్ని దాటుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న.

ఆ 22 కోట్లు ఎలా వచ్చాయో చూడండి. 2013లో పాత కన్సోల్‌లకు వచ్చింది. 2014 నవంబర్‌లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చింది. 2015 ఏప్రిల్‌లో కంప్యూటర్‌కు, 2022 మార్చిలో ప్లేస్టేషన్ 5 తరానికి వచ్చింది. మూడు తరాల యంత్రాలు, పన్నెండేళ్ల పైగా అమ్మకాలు, మధ్యలో లెక్కలేనన్ని డిస్కౌంట్లు. ఒకే మనిషి రెండు, మూడు సార్లు కొన్న సందర్భాలూ అందులో ఉన్నాయి. 13 కోట్ల కన్సోల్‌లున్న చోట 22 కోట్ల కాపీలు అమ్మడం కుదరని పని. కంప్యూటర్ వెర్షన్ రావాలి, తర్వాతి తరం కన్సోల్‌లు రావాలి, ధర తగ్గాలి. ఆ కొండ ఎక్కాలంటే పదేళ్లు పడుతుంది. మొదటి ఏడాది అమ్మకాలు చూసి గెలిచిందనో ఓడిందనో తేల్చేయడం తొందరపాటే.

అంచనాలు బోల్తా కొట్టిన రోజులు

ఈ వ్యాపారంలో గట్టి నమ్మకాలే ఎక్కువసార్లు దెబ్బతిన్నాయి. 1982లో అటారీ కంపెనీ ఈటీ సినిమా పేరు మీద ఒక ఆట తెచ్చింది. క్రిస్మస్‌కు అందుకోవాలన్న తొందరలో ప్రోగ్రామర్‌కు ఐదు వారాల సమయమే దొరికింది. సినిమా అంత పెద్ద హిట్ కాబట్టి ఆట కూడా ఆడుతుందని లక్షల్లో క్యాట్రిడ్జ్‌లు తయారు చేశారు. చాలావరకు మిగిలిపోయాయి. 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో చెత్త డంపులో అటారీ తన సరుకు పూడ్చిపెట్టింది. 2014లో తవ్వి చూస్తే ఆ ఆట క్యాట్రిడ్జ్‌లు నిజంగానే బయటపడ్డాయి.

2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 వచ్చింది. విడుదలకు ముందే 80 లక్షల మంది డబ్బు కట్టేశారు. ఆ లెక్క చూసి అందరూ చప్పట్లు కొట్టారు. తీరా ఆడితే పాత కన్సోల్‌ల మీద ఆట సరిగ్గా నడవలేదు. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. ఆరు నెలల తర్వాత గానీ మళ్లీ పెట్టలేదు. తయారీదారులు ఏళ్ల తరబడి బాగుచేసుకుంటూ వచ్చాక అదే ఆట 3.5 కోట్లు దాటింది. ముందస్తు బుకింగ్ అన్నది ఆట బాగుందని ఇచ్చే సర్టిఫికెట్ కాదని దీంతో తేలిపోయింది.

2024 ఆగస్టు 23న సోనీ తెచ్చిన కాంకర్డ్ పరిస్థితి ఇంకా ఘోరం. పెద్ద కంపెనీ, ఏళ్ల శ్రమ, 40 డాలర్ల ధర. ఆడేవాళ్లే రాలేదు. సెప్టెంబర్ 6న సర్వర్లు మూసేసి అందరికీ డబ్బు తిరిగిచ్చారు. అక్టోబర్‌లో ఆ స్టూడియోనే మూసేస్తున్నట్టు ప్రకటించారు. అక్కడ పనిచేసినవాళ్లకు ఉద్యోగాలు పోయాయి.

మరోపక్క అదే నెల 20న చైనా నుంచి వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ మూడు రోజుల్లో కోటి కాపీలు దాటింది. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌కు చెందిన చిన్న స్టూడియో శాండ్‌ఫాల్ తెచ్చిన ఎక్స్‌పెడిషన్ 33 ముప్పై మూడు రోజుల్లో 33 లక్షలు అమ్ముడైంది. పేరు ముందు ఎవరికీ పెద్దగా తెలియదు. ఆడినవాళ్లు చెప్పిన మాటే దానికి ప్రచారమైంది.

జీటీఏ-6 లెక్క ఎక్కడ తప్పవచ్చు?

మొదటిది తేదీ. ఈ ఆట ముందు 2025 చివర్లో అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబర్‌లో మళ్లీ మార్చి ఇప్పటి తేదీ ఇచ్చారు. ఆ ప్రకటనతో టేక్-టూ షేరు పడింది. అయితే వాయిదా అమ్మకాల్ని చంపుతుందన్న దానికి చరిత్రలో ఆధారం లేదు. జీటీఏ-5 వాయిదా పడింది, రెడ్ డెడ్-2 కూడా ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. రెండూ బాగానే అమ్ముడయ్యాయి. సగం ఉడికిన బిర్యానీ వడ్డించడం కంటే ఇంకో అరగంట దమ్ మీద ఉంచడమే మేలు.

రెండోది కన్సోల్ ధర. మామూలుగా కన్సోల్‌లు ఏళ్లు గడిచేకొద్దీ చవకవుతాయి. ఈ తరంలో రివర్స్ అయింది. 2025 ఆగస్టులో సోనీ అమెరికాలో ప్లేస్టేషన్ 5 ధర 50 డాలర్లు పెంచింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది రెండుసార్లు పెంచింది. ఆట కోసం కొత్తగా పెట్టె కొనాలనుకునే మధ్యతరగతి కుటుంబం ఇక్కడే ఆగిపోతుంది. మన దగ్గర కూడా డిస్క్ పెట్టుకునే పీఎస్5 యాభై వేల పైచిలుకు. దాని మీద కొత్త ఆట అంటే ఇంకో ఐదు వేల దాకా.

మూడోది కొత్త మార్కెట్లు. ఇది అంచనాను పైకి లాగే అంశం. జీటీఏ-5కు సౌదీ అరేబియా, యూఏఈలలో ఏళ్ల తరబడి అనుమతి లేదు. 2025 జూలైలో తొలిసారి అధికారికంగా అనుమతించారు, అది కూడా 21 ఏళ్లు దాటినవాళ్లకే. డబ్బు ఖర్చు పెట్టగల కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న దేశాలవి. ఆరో భాగానికీ ఆ తలుపు తెరిస్తే గల్ఫ్ అమ్మకాలు మొదటిసారి మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తాయి. రియాద్, జెద్దా, దుబాయ్‌లలో ఉంటున్న మన కుటుంబాలు ఈ సంగతి గమనించాలి. అక్కడ వయసు నిబంధన కాగితం మీది మాట కాదు.

ఆట అమ్మాక మొదలయ్యే అమ్మకం

కాపీల లెక్క సగం కథే. 2013 అక్టోబర్ 1న మొదలైన జీటీఏ ఆన్‌లైన్‌లో ఆటలో వాడే డబ్బును అసలు డబ్బుతో కొనుక్కోవచ్చు. ఒకసారి 60 డాలర్లు కట్టినవాళ్ల దగ్గర్నుంచి ఏళ్ల తరబడి ఆదాయం వచ్చే దారి అది. 2019లో అందులో కాసినో కూడా తెరిచారు. జూదం చట్టాల వల్ల చాలా దేశాల్లో ఆ భాగాన్ని ఆపేశారు. ఆరో భాగానికీ ఇలాంటి ఆన్‌లైన్ ప్రపంచం ఉంటుందనే మార్కెట్ నమ్మకం. తల్లిదండ్రులు కార్డు వివరాలు కన్సోల్‌లో సేవ్ చేసేముందు ఒకసారి ఆలోచించాల్సింది ఇక్కడే. ఆట ధర కంటే ఆట లోపల పోయే డబ్బే పెద్దది కావచ్చు.

ఈ అంచనాల వెనుక ఉద్యోగాలు కూడా ఉన్నాయి. రాక్‌స్టార్‌కు బెంగళూరులో స్టూడియో ఉంది. 2019లో ధ్రువ ఇంటరాక్టివ్ అనే మన దేశపు పాత గేమ్ కంపెనీని కొని అందులో కలిపేసుకుంది. గేమ్ డిజైన్, యానిమేషన్ చదువుతామంటున్న మన పిల్లలు ఈ రంగాన్ని ఒకే ఆట వసూళ్లు చూసి కొలవకూడదు. ఒక ఆట 22 కోట్లు అమ్ముడయ్యే రంగంలోనే కాంకర్డ్ రెండు వారాల్లో మూతపడింది.

మరి ఇంట్లో ఏం చెప్పాలి?

ముందుగా డబ్బు కట్టాల్సిన తొందర ఎవరికీ లేదు. డౌన్‌లోడ్ చేసుకునే ఆటకు స్టాక్ అయిపోవడం అంటూ ఉండదు. విడుదలైన రెండు వారాల్లో ఆట ఎలా ఉందో ఊరంతా చెబుతుంది. ఏడాది ఆగితే ధర కూడా తగ్గొచ్చు.

రెండో సంగతి వయసు. జీటీఏ-5కు అమెరికాలో 17, యూరప్‌లో 18 ఏళ్లు దాటినవాళ్లకే అన్న రేటింగ్ ఉంది. హింస, నేరం, అసభ్యత ఆ సిరీస్‌లో కథలోనే భాగం. పక్కింటి అబ్బాయి ఆడుతున్నాడన్నది కారణం కాకూడదు. పదో తరగతి పిల్లాడికి "ఇది నీ వయసు ఆట కాదు బేటా" అని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

మూడోది మోసాలు. "జీటీఏ-6 మొబైల్ వెర్షన్", "ముందే ఆడండి" అంటూ వచ్చే లింకులు, ఏపీకే ఫైళ్లు నొక్కకండి. ఫోన్ వెర్షన్ అంటూ ఏదీ ప్రకటించలేదు. వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది కాబట్టి నిజమే అనుకునే పెద్దవాళ్లకూ, ఆశపడే పిల్లలకూ ఈ మాట ఇద్దరికీ చెప్పాలి.

నవంబర్ 19 తర్వాత పెద్ద పెద్ద అంకెలు వస్తాయి. మొదటి రోజు వసూళ్లు కంపెనీ ప్రచారం ఎంత బాగా చేసిందో చెబుతాయి. ఆట ఎలా ఉందో తెలియాలంటే డిసెంబర్ చివరి లెక్క దాకా ఆగాలి. అప్పటికి 3 కోట్లు దాటితే జీటీఏ పేరు ఇంకా పనిచేస్తున్నట్టు. 4 కోట్లు దాటితే ఆ ఆట కోసమే జనం కొత్త కన్సోల్‌లు కొన్నట్టు. 2.5 కోట్ల దగ్గర ఆగిపోతే, కోట్ల మంది ట్రైలర్ చూసి చప్పట్లు కొట్టి, ధర చూసి పర్సు మూసేసుకున్నారని అర్థం.